ధర్మారావుగారి చెవి, వేదాంత్ కాలు

ప్లేనో,
ఆగస్టు 3, 2009

చెల్లెమ్మగారికి,

ఇక్కడ ఎండ నూట నాలుగు. శారద మోకాలు, నా బీపీ, పెరట్లో బెండ మొక్కలు ప్రస్తుతానికి అదుపులోనే ఉన్నాయి. మీరు కులాసాగా ఉన్నారని రేణు చెప్పింది.

ఫోన్ ఉండగా ఈయన ఉత్తరం రాస్తాడేమిటి అనుకుంటున్నారేమో. ఫోన్ దగ్గరికి తేగానే నా హియరింగ్ ఎయిడ్ ఈల వేస్తోంది. పోయిన నెల మీరు "చారులో ఇంగువ లేదు" అంటే నేను "కారులో ఇంజన్ లేదు" అని విని, మీకు మెకానిక్‌ని పంపమని మావాడికి చెప్పాను. మీకు గుర్తుండే ఉంటుంది, మెకానిక్ వచ్చాడు కాబట్టి. ఈమెయిల్‌లో తెలుగు కొట్టడం నాకు చేతకాదు. అందుకని ఈ కాగితం.

అసలు సంగతి. ఆదివారం వేదాంత్ ఫోన్ చేశాడు. మీ కూతురూ మా కొడుకూ పార్సిప్పనీలో ఆఫీసుల వెంట పరుగులు పెడుతుంటారు కాబట్టి మనవడి కబుర్లు ముందు నాకే చేరతాయి. వాడన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "తాతయ్యా, దిస్ ఇయర్ ఐయామ్ గోయింగ్ టు క్విట్."

మిలిటరీ అకాడమీ మానేస్తాడట! రెండేళ్ళు యూనిఫారం వేసుకుని, ఫుట్‌బాల్ టీమ్‌లో బెంచీ మీద కూర్చుని, ఇప్పుడు వదిలేస్తాడట. నాకు గుండెలో కలుక్కుమంది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా టెక్సాస్‌లో ఉన్నవాణ్ణి, ఈ అమెరికా ఫుట్‌బాల్ నా రక్తంలో కలిసిపోయింది. కానీ మీరు మొదటినుంచీ వద్దంటున్నారు కాబట్టి, ఈ మాట మీకు చెప్పడం న్యాయం. ఆగస్టు 24న మూడో ఏడు మొదలు. ఆ రోజు వాళ్ళ చేత కాగితం మీద సంతకం పెట్టిస్తారు. పెడితే చదువయ్యాక అయిదేళ్ళు ఆర్మీలో చేయాల్సిందే. ఆలోపు మానేస్తే ఎవరూ అడగరు.

వాడే స్వయంగా చెప్పేదాకా రేణుకి తెలియనివ్వకండి.

ఇట్లు,
ధర్మారావు

*

క్యారీ,
ఆగస్టు 10, 2009

అన్నయ్యగారికి,

మీ ఉత్తరం చదివి మెయిల్‌బాక్స్ దగ్గరే నిలబడిపోయాను. ఎదురింటావిడ కారు ఆపి మరీ "ఆర్ యూ ఓకే?" అని అడిగింది.

రెండేళ్ళుగా నేను ఏ వార్తా చూడటం లేదన్నది మీకు తెలుసు. ఇరాక్ అన్నా, ఆఫ్ఘనిస్తాన్ అన్నా చానల్ మార్చేస్తాను. మా వారు పోయినప్పుడు ఈ ఇంట్లో నెల రోజులు నా పక్కన పడుకున్నది పన్నెండేళ్ళ వేదాంత్. వాణ్ణి తుపాకీ పట్టుకున్నవాడిగా ఊహించుకోవడం నావల్ల కాలేదు.

మీ మాట నిలబెట్టాను. రేణుకి చెప్పలేదు. లీలావతికి మాత్రం చెప్పాను, ఆవిడ స్నేహితురాలే గానీ చుట్టం కాదు కాబట్టి అది లెక్కలోకి రాదు. పైన గది ఖాళీ చేయించాను. బల్ల కొన్నాను. ఇరవై ఆరేళ్ళు మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసినదాన్ని, ఇక్కడి యూనివర్సిటీలో ఫార్మసీ గురించి నాలుగు మాటలు అడగలేనా? అప్లికేషన్ తెచ్చి ఉంచాను. ఆంజనేయస్వామికి వడమాల వేయించాను.

నిజానికి ఈ వారమే కారు తీసుకుని అకాడమీకి వెళ్ళి, సంతకం పెట్టొద్దని వాడి కాళ్ళయినా పట్టుకుందామనుకున్నాను. మీ ఉత్తరంతో ఆ అవసరం తప్పింది. మీ గర్వం దిగమింగుకుని నాకు ఈ మాట చెప్పారు. అది చిన్న విషయం కాదు.

మీ చెల్లెలు,
ఛాయాదేవి

*

ప్లేనో,
ఆగస్టు 30, 2009

చెల్లెమ్మగారికి,

ఈ ఉత్తరం కూర్చుని చదవండి.

వాడన్నది క్విట్ కాదు. కిక్.

"దిస్ ఇయర్ ఐయామ్ గోయింగ్ టు కిక్." పాత కిక్కర్ చదువయి వెళ్ళిపోయాడు. చిన్నప్పుడు సాకర్ ఆడిన కాలు కదా, కోచ్ మనవాణ్ణి ఎంచుకున్నాడు. ఆటలో మూడు పాయింట్ల కోసం బంతిని ఆ పసుపు స్తంభాల మధ్యనుంచి తన్నాలి. ఆ పని ఇక వాడిదే. పోయిన సోమవారం సంతకం కూడా పెట్టేశాడట. మంగళవారం మావాడు మనోహర్ ఫోన్ చేసి శారదతో మాట్లాడితే గానీ నాకు సంగతి తెలియలేదు.

నా తప్పే. అంటే నా చెవి తప్పు. ఆడియాలజిస్ట్ బ్యాటరీ మార్చి, "మీరు ఇన్నాళ్ళూ చెవిలో పెట్టుకున్నది అలంకారం సార్" అన్నాడు.

కొన్న బల్ల వృథా కాదు లెండి. సెలవులకి వచ్చినప్పుడు వాడికి పనికొస్తుంది. మొదటి ఆట సెప్టెంబరు 5న. కాలేజీ వెబ్‌సైట్‌లో వీడియో వస్తుందట, రేణు లింకు పంపుతుంది.

సిగ్గుతో,
ధర్మారావు

*

క్యారీ,
సెప్టెంబరు 9, 2009

ధర్మారావుగారికి,

మీ ఉత్తరం అందింది. అంతకు ముందే రేణు చెప్పింది.

నేను కెమిస్ట్రీ చదువుకున్నదాన్ని. ఒక పదార్థంలో ఇంకో పదార్థం కలిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. మీరు నాకు మూడో తారీకున రాశారు. నేను నిశ్చింతగా కూర్చున్నాను. అకాడమీకి వెళ్ళలేదు. ఇరవై నాలుగో తారీకు గడిచిపోయింది. ముప్ఫయ్యో తారీకున మీ చెవి బాగుపడింది. ఇందులో చెవి పాత్ర ఎంతో, మనిషి పాత్ర ఎంతో నేను తేల్చలేను. మీకే తెలియాలి.

లీలావతి మాత్రం "పెద్దాయన, పాపం, నిజంగానే వినపడి ఉండదు" అంటోంది. ఆవిడకి అందరూ పాపమే.

ఆ ఆటలు నేను చూడను. శనివారం లీలావతి వచ్చి నా కంప్యూటర్‌లో పెట్టుకుని చూసింది, నేను అటుగా వెళ్తున్నానంతే. మొదటి రెండూ బాగానే తన్నాడు. మూడోది ఎడమవైపు కొట్టుకుపోయింది. తన్నేముందు వాడు తల ఎత్తుతున్నాడు. ఎత్తకూడదు.

శారదగారికి నా నమస్కారాలు.

ఛాయాదేవి

*

ప్లేనో,
అక్టోబరు 5, 2009

చెల్లెమ్మగారికి,

మీరు నన్ను పేరు పెట్టి సంబోధించారు. అయినా నేను చెల్లెమ్మా అనే రాస్తాను, అలవాటయిన చెయ్యి.

అయిదు ఆటల్లో నాలుగు గెలిచాం! పోయినేడాది మొత్తం పన్నెండింటిలో గెలిచినవి మూడు. ఆ అకాడమీలో అంతా కలిపి వెయ్యిమంది లేరు. ఉదయం అయిదింటికి లేచి కవాతు చేసి, క్లాసులకి వెళ్ళి, అప్పుడు ప్రాక్టీసుకి వస్తారు. అవతలి కాలేజీల్లో ఆడేవాళ్ళు ఒక్కొక్కరు ఫ్రిజ్ అంత ఉంటారు. అయినా మనవాళ్ళు ఆఖరి పావుగంటలో అలసిపోరు, అదే కిటుకు. మీరు చెప్పిన తల సంగతి వాడికి చెప్పాను. "హౌ డిడ్ అమ్మమ్మ నో? కోచ్ కూడా అదే చెప్పింది!" అన్నాడు.

ఇంకో కబురు. ఇది రేణు దగ్గర అనకండి. ఆటలు శనివారం కదా. ప్రతి ఆదివారం వేదాంత్ అకాడమీలో బయటికెళ్ళే పాస్ తీసుకుని బస్సెక్కి వాషింగ్టన్ వెళ్తున్నాడట. రెండు గంటల ప్రయాణం. ఎందుకురా అంటే "కేసీని చూడటానికి" అన్నాడు. ఎవరా కేసీ అంటే "ఫ్రెండ్, తాతయ్యా" అని మాట మార్చాడు.

ఈసారి స్పష్టంగా విన్నాను. కొత్త బ్యాటరీ. కేసీ.

ప్రతి ఆదివారం రెండు గంటలు బస్సులో వెళ్ళేది ఒట్టి ఫ్రెండ్ కోసమా? నేను శారదని చూడటానికి ఏలూరు నుంచి తణుకు వెళ్ళేవాణ్ణి, ఆ రోజుల్లో నేను కూడా మా ఇంట్లో ఫ్రెండ్ అనే చెప్పాను.

మీ,
ధర్మారావు

*

క్యారీ,
అక్టోబరు 20, 2009

ధర్మారావుగారికి,

శనివారం ఆట మీరు చూసే ఉంటారు. ఒక్క పాయింటు తేడా, నాలుగు సెకన్లు మిగిలాయి, మనవాడు తన్నిన బంతి స్తంభానికి తగిలి బయటపడింది. అటుగా వెళ్తూ చూడలేదు, సోఫాలో కూర్చునే చూశాను. ఒప్పుకుంటున్నాను.

సాయంత్రం వాడు నాకు ఫోన్ చేశాడు. "ఏం తిన్నావురా?" అన్నాను. "నథింగ్, అమ్మమ్మా." "ఆ కాలేజీలో పెరుగైనా దొరుకుతుందా?" అంటే నవ్వాడు. "అందరూ ఇట్స్ ఓకే, ఇట్స్ ఓకే అంటోంది. నువ్వొక్కదానివే పెరుగు గురించి అడిగింది" అన్నాడు. ఆ తర్వాత కాసేపు ఏడ్చాడు. నేను లైన్‌లోనే ఉన్నాను.

ఇక కేసీ. నేనేమీ అడగలేదు, వాడే అన్నాడు: "కేసీకి ఫోన్ చేస్తే నవ్వింది, అమ్మమ్మా. పడీ పడీ నవ్వింది. యూ మిస్డ్ ఎ బాల్, దట్స్ ఆల్ అంది." నవ్వింది, అంది. ఇంకేం కావాలి? ఆడపిల్లే. తెలివైన పిల్లలాగే ఉంది. బంతి పోతే బంతే పోయిందని చెప్పగలిగిన పిల్ల నాకు నచ్చింది.

నవంబరు 14న వాళ్ళ ఆట ఇక్కడికి గంట దూరంలోనే. లీలావతి డ్రైవ్ చేస్తానంది. వెళ్తున్నాను. ఆ రోజు కేసీ కూడా వస్తుందట. ఆ పిల్లకి ఏదైనా ఇవ్వాలి కదా, మంచి కాశ్మీరీ శాలువా ఒకటి కొన్నాను, లేత గులాబీ రంగు.

ఛాయాదేవి

*

ప్లేనో,
నవంబరు 3, 2009

చెల్లెమ్మగారికి,

వాడు ఓడిపోయిన రోజు నాకు ఫోన్ చేయలేదు. మీకు చేశాడు. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. శారద, "మీకు చేస్తే ఆ కిక్ ఎందుకు పోయిందో మీరే వాడికి గంటసేపు చెప్పేవారు" అంది. నిజమే.

ఆ తర్వాత రెండు ఆటలూ గెలిచాం, మొత్తం ఏడు. స్టేడియంలో సిమెంటు బెంచీలు ఉంటాయి, దుప్పటి తీసుకెళ్ళండి. మనవాళ్ళ రంగు నీలం. పొరపాటున ఎరుపు చీర కట్టుకోకండి, అవతలివాళ్ళలో కలిపేస్తారు. కేసీని ఇంటిపేరు అడగండి, మిగతావి ఏమీ అడగకండి.

ఇప్పుడు అసలు రాయవలసింది రాస్తాను. నెల రోజులుగా రాసి చింపేస్తున్నాను.

మొదటి తప్పు చెవిది. రెండోది నాది. మీరు బల్ల కొన్నానని, గది సర్దానని రాసిన ఉత్తరం ఆగస్టు 13న నాకు అందింది. మర్నాడే వేదాంత్ మళ్ళీ ఫోన్ చేశాడు, శారద తీసింది. క్విట్ కాదు కిక్ అని ఆ రోజే మాకు తెలిసిపోయింది. శారద అప్పటికప్పుడే మీకు ఫోన్ చేస్తానంది. నేను ఆపాను. "నేనే రాస్తాను" అన్నాను. రాయలేదు. చెబితే మీరు కారెక్కి వెళ్తారని మీ ఉత్తరంలోనే ఉంది. మీరు వెళ్తే వాడు వింటాడని నాకు తెలుసు. పది రోజులు నోరు మూసుకుని కూర్చుని, సంతకం అయ్యాక, మనోహర్ చెబితేనే తెలిసిందని మీకు అబద్ధం రాశాను.

నా మనవడు నీలం జెర్సీలో బంతి తన్నుతుంటే చూడాలనుకున్నాను. అప్పుడు నా కళ్ళ ముందు అది తప్ప ఇంకేమీ లేదు. ఇప్పుడు టీవీలో వార్తలు వస్తుంటే నేను కూడా చానల్ మారుస్తున్నాను.

క్షమించమని అడగను. మీకు తెలియాలని రాశాను.

ధర్మారావు

*

క్యారీ,
నవంబరు 17, 2009

ధర్మారావుగారికి,

మీ ఉత్తరానికి జవాబు చివర రాస్తాను. ముందు కేసీ సంగతి.

నీలం చీర కట్టుకున్నాను. దుప్పటి, సున్నుండలు, శాలువా తీసుకుని వెళ్ళాం. మనవాళ్ళు గెలిచారు, మీకు తెలిసిందే. మూడుసార్లు తన్నాడు, మూడూ పడ్డాయి. లీలావతి ఎంత అరిచిందంటే ముందు వరసలో కూర్చున్న ఒక కర్నల్ గారు వెనక్కి తిరిగి ఆవిడకి దగ్గు బిళ్ళ ఇచ్చారు.

ఆట అయ్యాక వేదాంత్ పరిగెత్తుకుంటూ వచ్చి, "అమ్మమ్మా, రా, కేసీ అక్కడుంది" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాడు. నేను కొంగు సర్దుకున్నాను. మైదానం అంచున ఒక వీల్‌చెయిర్. అందులో ఆరడుగులకి పైనే ఉన్న ఎర్రజుట్టు కుర్రవాడు. పాంటు ఎడమ కాలు మోకాలి దగ్గర మడిచి పిన్ను పెట్టి ఉంది.

"అమ్మమ్మా, దిస్ ఈజ్ కేసీ."

అన్నగారూ, మనవాడి తెలుగులో వాళ్ళ నాన్న కూడా 'వచ్చింది', కోచ్ కూడా 'చెప్పింది'. ఇరవై ఏళ్ళుగా వింటున్నాం. మనకి ఎందుకు తట్టలేదు?

కేసీ రెండేళ్ళ కిందట ఆ టీమ్ కెప్టెన్. కిక్కర్ తన్నేటప్పుడు బంతిని నేల మీద నిలబెట్టి పట్టుకునేది కూడా అతనే. మొదటి ఏడు ప్రాక్టీసులో మనవాడికి బంతి పట్టింది అతనట. చదువయి లెఫ్టినెంట్‌గా వెళ్ళాడు. ఈ ఏప్రిల్‌లో ఆఫ్ఘనిస్తాన్‌లో రోడ్డు పక్కన పేలిన బాంబుకి కాలు పోయింది. అప్పటినుంచి వాషింగ్టన్‌లో మిలిటరీ ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఆదివారాలు వేదాంత్ వెళ్ళేది అక్కడికే. ఇద్దరూ కలిసి శనివారం ఆట వీడియో చూస్తారట. కేసీ తప్పులు చెబుతాడు, మనవాడు రాసుకుంటాడు.

నా చేతిలో గులాబీ శాలువా ఉంది. అతను చూసి, "ఈజ్ దట్ ఫర్ మీ, మేడమ్?" అన్నాడు. అవునన్నాను. కేసీ కోసం కొన్నదే కదా. మోకాళ్ళ మీద కప్పుకుని, "మా టీమ్ రంగు కాదు గానీ చాలా వెచ్చగా ఉంది" అన్నాడు ఇంగ్లీషులో. నాలుగు సున్నుండలు తిన్నాడు.

తర్వాత వేదాంత్ నన్ను కారు దాకా నడిపించాడు. దారిలో అడిగాను. మీ సంగతి చెప్పలేదు. "ఆగస్టులో నేను వచ్చి, ఆ కాగితం మీద సంతకం పెట్టొద్దురా అని అడిగి ఉంటే, వినేవాడివా?" అన్నాను.

వాడు నడక ఆపాడు. "సమ్మర్‌లో హాస్పిటల్‌లో కేసీని ఫస్ట్ టైమ్ చూసినప్పుడు చాలా భయం వేసింది, అమ్మమ్మా. వారం రోజులు నిద్ర లేదు. నువ్వు వచ్చి అడిగితే... మేబీ. మేబీ వచ్చేసేవాణ్ణి. ఐ డోంట్ నో."

ఈ మాట మీకు రాయాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను. మీరు నాకు నిజం రాశారు కాబట్టి నేనూ రాస్తున్నాను. మీరు ఆపిన ఆ ఫోన్ అంత చిన్న విషయం కాదు. నాకు కోపం పోలేదు. పోతుందో లేదో తెలియదు. కానీ కోపం ఉన్నవాళ్ళు కూడా ఒకే బెంచీ మీద కూర్చోవచ్చు.

నవంబరు 28న అకాడమీలోనే ఆఖరి ఆట. రేణు, మనోహర్ కూడా వస్తున్నారు. మీరూ శారదగారూ రండి. వాడికి ఆ పది రోజుల సంగతి మీ నోటితో మీరే చెప్పాలి. నేను చెప్పను.

ఛాయాదేవి

*

ప్లేనో,
డిసెంబరు 6, 2009

చెల్లెమ్మగారికి,

క్షేమంగా చేరాం. మీరు కట్టిచ్చిన పులిహోర ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీలో ఒక అమ్మాయి తెరిచి చూసి, వాసన పీల్చి, మూత పెట్టి ఇచ్చేసింది. విమానంలో తిన్నాం.

ఆట గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది, నా పక్కనే ఉన్నారు. ఆఖరి నిమిషంలో మనవాడు తన్నాల్సి వస్తుందేమోనని నేను అరగంట కళ్ళు మూసుకుంటే, చివరికి వాడు తన్నే అవసరమే లేకుండా పదకొండు పాయింట్ల తేడాతో గెలిచారు. పది గెలుపులు, రెండు ఓటములు. ఆ అకాడమీలో ఇరవై రెండేళ్ళ తర్వాత ఇదే మంచి సీజన్ అని పక్కాయన చెప్పాడు. మీరు లేచి నిలబడి రెండు చేతులూ ఎత్తి ఈల వేయడం రేణు కెమెరాలో ఉంది. నేను చూశాను.

మీరు కేసీతో మాట్లాడుతున్నప్పుడు నేను వేదాంత్‌ని పక్కకి పిలిచాను. టీమ్‌ని స్టేడియం నుంచి హాస్టల్‌కి తీసుకెళ్ళే బస్సు దాకా వాడితో నడిచాను. మెట్ల దగ్గర నా మోచెయ్యి పట్టుకున్నాడు. చెప్పాను. మీ ఉత్తరం, పద్నాలుగో తారీకు ఫోన్, నేను శారదని ఆపడం, మీకు రాసిన అబద్ధం, అన్నీ. తెలుగులోనే చెప్పాను, వాడికి అర్థం కావాలని నెమ్మదిగా.

వాడి ముఖంలో నవ్వు పోయింది. హెల్మెట్ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"అమ్మమ్మకి చెప్పాల్సింది, తాతయ్యా," అన్నాడు.

"అవునురా."

"దట్ వజ్ రాంగ్."

"అవును."

బస్సులోంచి ఎవరో వాడి పేరు పెట్టి అరుస్తున్నారు. అప్పుడు నా కుడిపక్కకి వచ్చాడు. నాకు కాస్త వినపడేది ఆ చెవే. వంగి చెప్పాడు, ఒక్కొక్క మాటా విడదీసి:

"కానీ సంతకం నాది, తాతయ్యా. నీది కాదు. అమ్మమ్మది కాదు. భయం కూడా నాదే. మీరిద్దరూ దాని గురించి ఫైట్ చేయకండి."

తెలుగులో ఎక్కడా తప్పు దొర్లలేదు.

ఇరవై ఏళ్ళవాడు. మనిద్దరం నాలుగు నెలలుగా ఒకళ్ళ చేతిలోంచి ఒకళ్ళు లాక్కుంటున్న కాగితం మీద ఉన్న పేరు వాడిది. నేను ఇంకేదో అనబోయాను. వాడు నన్ను ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలి, బస్సెక్కేశాడు.

అప్పటికి మీరంతా వచ్చారు. మనం అయిదుగురం వరసగా నిలబడి చెయ్యి ఊపాం. మీరు నిలబడ్డ చోటునుంచి కనిపించిందో లేదో నాకు తెలియదు. వాడు కిటికీ దగ్గర కూర్చుని ఒక్కసారి చెయ్యి ఊపాడు. వెంటనే పక్కవాడు ఏదో అన్నాడు. వీడు వెనక్కి వాలి, నోరంతా తెరిచి నవ్వాడు. బస్సు ఇంకా గేటు దాటనే లేదు, అప్పటికే మనల్ని మరిచిపోయాడు.

చెల్లెమ్మగారూ, నాకు చాలా హాయిగా అనిపించింది.

మీ,
ధర్మారావు